చివరికి ముందు రౌండు

అయినా తొమ్మిది సెకన్లంటే ఏపాటి కాలం. తుమ్ము వస్తున్నట్టు అనిపించి, ముఖమంతా దానికి సిద్ధమయ్యాక రాకుండా పోతే, ఆ మోసానికి విసుక్కోవడానికి పట్టేంత. గేటు దగ్గరి యంత్రం రాసుకున్న దాన్నిబట్టి, ఊళ్ళో గరాజు నడిపే లూడ్గర్ పౌలీ మోటారు సైకిలు ఆదివారం సాయంత్రం ఆరూ ఇరవై రెండు నిమిషాల పది సెకన్లకు రింగ్ అనే పందేల దారిలోకి ప్రవేశించింది. దాని వెనక ఇంకొకటి, పందొమ్మిదో సెకనుకి. ఆరూ ఇరవై అయిదు కల్లా పౌలీ ప్రాణం పోయింది. తొమ్మిది సెకన్లు వెనకబడి వచ్చినవాడు ఇప్పుడు సోమవారం ఉదయం ఎనిమిదింటికి బల్లకు అవతలి కుర్చీలో కూర్చుని, టీ దొరుకుతుందా అని అడుగుతున్నాడు.

"కాఫీ ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గెరో థెలెన్.

"మా ఉత్తరాది వాళ్ళకి టీయే సార్. అడుగున పటికబెల్లం ముక్క, పైన మీగడ చుక్క."

"ఇక్కడ సంచిలో ముంచే టీ ఉంటుంది."

"అయితే మంచినీళ్ళు చాలు."

థెలెన్‌కు నవ్వు రాలేదు. ఈ మధ్య నవ్వు రావలసిన చోట నవ్వు రావాలని గుర్తు మాత్రం వస్తోంది. ఉద్యోగం ఇంకా ఎనభై మూడు రోజులుంది. ఈ కొండల్లో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాడు. రింగ్ మీద పోటీలు లేని రోజుల్లో గేటు దగ్గర రుసుము కట్టి ఎవరైనా సరే సొంత బండి తోలుకోవచ్చు. చట్టం లెక్కలో అది ఒకవైపు మాత్రమే పోయే మామూలు రోడ్డు. అడవిలో ఇరవై కిలోమీటర్లు, డెబ్బై పైచిలుకు మలుపులు, ఎక్కడా ఎదురు బండి రాదు. రోడ్డు గనక దాని మీద ఎవరు పోయినా పోలీసు వెళ్ళాలి. థెలెన్ అలా ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. సొంత బండి అమ్మేసి ఎనిమిదేళ్ళవుతోంది. ఎందుకు అమ్మావని భార్య ఒకసారి అడిగింది. నడుం నొప్పి అన్నాడు. నడుం నిజంగానే నొప్పి పుట్టేది కాబట్టి అది అబద్ధం కాకుండా నిలిచిపోయింది.

"మొదలుపెడదామా?" అన్నాడు పక్కనున్న బ్రాండెస్.

ఫోల్క్‌మార్ బ్రాండెస్ ప్రమాదాల నిపుణుడు. ప్రాసిక్యూటర్ తరఫున నగరం నుంచి వచ్చాడు. నలభై దాటలేదు. చొక్కా మడత నలగదు, మాట మడత నలగదు. ల్యాప్‌టాప్‌లో నివేదిక దాదాపు పూర్తి చేసేసుకున్నాడు. అందులో ఒక్క మాటే ముఖ్యం: ఆత్మహత్య. మధ్యాహ్నం పన్నెండింటికి అది ప్రాసిక్యూటర్‌కు వెళ్తుంది, వెళ్తే ఫైలు మూతపడుతుంది.

"మీ పేరు టోర్బెన్ హాసెల్‌బ్రింగ్. వయసు యాభై రెండు. రింగ్‌కి ఇదే మొదటిసారి రావడమా?" అడిగాడు థెలెన్.

"మొదటిసారే. చచ్చేలోగా ఒకసారి చూడాలి కదా అని."

"పౌలీ గారు తెలుసా?"

"బండ్లు ఆపే చోట పలకరించుకున్నాం. ఇక్కడ అందరూ అందర్నీ నువ్వు అనే పిలుచుకుంటారుగా."

"ఆరూ అయిదు నుంచి ఆరూ పందొమ్మిది దాకా ఆయన సాసేజి, ఆలుగడ్డ వేపుడు అమ్మే బండి దగ్గర తింటున్నాడు. ఆ పద్నాలుగు నిమిషాలు మీరెక్కడున్నారు?"

"నా బండి దగ్గరే. గ్లవుజులు తుడుచుకుంటూ."

"మీ బండి ఎక్కడుంది?"

"ఆయన బండి పక్కన." హాసెల్‌బ్రింగ్ కళ్ళు తిప్పుకోలేదు. పెద్ద చేతులు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఒళ్ళో దాచుకున్నాడు.

"తర్వాత?"

"లోపలికెళ్ళాం. ఆరెంబెర్గ్ మలుపు దాకా బాగానే వెళ్ళాడు. అక్కడ ఆయన వేగం తగ్గించే ప్రయత్నమేదీ కనబరచకుండా, నేరుగా కంచె వైపు వెళ్ళాడు సార్."

థెలెన్ తల ఎత్తాడు. కనబరచకుండా. నోటితో ఎవరైనా అలా అంటారా? మనుషులు ‘బ్రేకు వెయ్యలేదు’ అంటారు, ‘గుడ్డిగా పోయాడు’ అంటారు. ఈ మాటలకు ఇస్త్రీ చేసిన వాసన వస్తోంది. ఎక్కడో విన్నట్టుంది కూడా. ఎక్కడని ఆలోచించబోతే అలసట అడ్డం వచ్చింది, ఆవులింత రూపంలో.

"మొత్తం ఎన్ని రౌండ్లు వేశారు?" ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"మూడింటి కార్డు కొన్నాను. మొదటి రెండూ భయంభయంగా ఒక్కణ్ణే వెళ్ళాను. చివరికి ముందు రౌండులో దారి తెలిసినవాడి వెనక పోదామని ఆయన్ని పట్టుకున్నాను."

బ్రాండెస్ టైపు చేసుకున్నాడు. థెలెన్ ఆవులింత సగంలో ఆగింది. ముందు వీపుకు తెలిసింది, మెడకు తెలిసింది, ఆ తర్వాతే బుద్ధికి.

"మీరిక్కడే కూర్చోండి," అన్నాడు లేచి. "మలుపు ఒకసారి చూసొస్తాను."

బయట నడవాలో బెంచీ మీద ఫ్రాంకా పౌలీ కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఇంట్లో ఒక్కతే ఉండలేక తెల్లవారుజామున బేకరీ పనికి వెళ్ళి, అక్కణ్ణించి నేరుగా వచ్చినట్టుంది, మోచేతుల దగ్గర పిండి అంటుకుని ఉంది. నిన్న రాత్రి నుంచి ఆమె ఒక్క ప్రశ్నే అడుగుతోంది. అమ్మ విడిపోయి వెళ్ళిపోయాక తండ్రీ కూతుళ్ళిద్దరే ఆ ఇంట్లో.

"థెలెన్ గారూ, చెప్పండి. మా నాన్న బ్రేకు వేశాడా?"

"ఇంకా చూస్తున్నానమ్మా."

"ఆ బ్రాండెస్ గారు వెయ్యలేదంటున్నారు. నాన్న నిద్రమాత్రలు వాడేవాడా అని అడిగారు. వాడేవాడు. మోకాలి నొప్పికి నిద్రపట్టక. ఉదయం నాతో గొడవపడ్డాడా అని అడిగారు. పడ్డాడు. వెన్న ఫ్రిజ్‌లో పెట్టలేదని. దానికి ఎవరైనా..." మోచేతి మీది పిండి దులుపుకుంది. "నాకు మిగతావేమీ అక్కర్లేదు. వేశాడో లేదో చెప్పండి చాలు."

థెలెన్ తలూపి ముందుకు నడిచాడు. వెనకే బ్రాండెస్ బూట్ల చప్పుడు. గుమ్మం దాటాక అందుకున్నాడు.

"మళ్ళీ మలుపు చూడ్డమెందుకు? నిన్ననే నేను కొలిచి వచ్చాను. ముందు చక్రం జాడ లేదు."

"బ్రాండెస్ గారూ, అతని కార్డులో మూడే టికెట్లు. మూడోదానికి లోపలికెళ్ళాడు. ఇంక మిగిలింది సున్న. మరి దాన్ని చివరికి ముందు రౌండని ఎందుకన్నాడు?"

"లెక్క తప్పాడు. కళ్ళముందు మనిషి చావు చూసినవాడు."

"తప్పలేదు. సరిగ్గానే చెప్పాడు. ఈ ఊళ్ళలో రింగ్ ఎక్కేవాడెవడూ చివరి రౌండనడు. అంటే అదే చివరిదవుతుందని భయం. ఆఖరిదానికి పోతూ కూడా చివరికి ముందుదనే అంటారు. ఇంటికెళ్ళి భార్యతో కూడా అలాగే అంటారు. నేనూ అన్నాను ఇరవయ్యేళ్ళు."

బయటికెళ్ళేవాడు ‘పోతాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అన్నట్టే అది. ఎవరూ నేర్పరు. ఏళ్ళ తరబడి ఆ గేటు దగ్గర నిలబడితే నాలుకకు అదే అంటుకుంటుంది. ఒక్కసారి వచ్చినవాడికి అంటుకోదు.

బ్రాండెస్ నవ్వాడు. "మంచిది. ఈ మూఢనమ్మకాన్ని నివేదికలో ఎన్నో పేరాలో పెట్టమంటారు?"

"మొదటిసారి వచ్చానని అబద్ధమాడాడు. అది పెట్టండి."

"మీకు ఎనభై మూడు రోజులు. నిన్న మీ నోటితోనే చెప్పారు, నేనడక్కుండానే. మనిషికి చివర్లో ఒక పెద్ద కేసు తగిలితే బాగుండుననిపిస్తుంది. తప్పేం లేదు. కానీ పన్నెండు దాటితే ఆగను."

అందులో కొంత నిజముందేమోనని థెలెన్ కారు దాకా తనను తాను తడుముకున్నాడు. లేదు. పెద్ద కేసు కాదు, తనకు కావలసింది పడుకోవడం. ‘చివరికి ముందు’ అన్న ఆ మాట వినకపోయి ఉంటే బాగుండేది, అంతే.

హిల్గర్ రోమెస్ లాగుడు బండితో గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. రింగ్ మీద పడ్డ బండ్లను ఎత్తుకెళ్ళడం అతని పని, అంతకుముందు వాళ్ళ నాన్న పని. థెలెన్‌తో చిన్నప్పుడు స్కూల్లోనూ, తర్వాత బండ్ల మీదా కలిసి తిరిగినవాడు. ఉదయంపూట జనాన్ని లోపలికి వదలరు. ఖాళీ రోడ్డు మీద లాగుడు బండి నింపాదిగా పోతూంటే, థెలెన్ కుడి చెయ్యి ఒళ్ళోనే ప్రతి మలుపుకీ ముందు బ్రేకు మీట నొక్కుతున్నట్టు కొద్దిగా ముడుచుకుంటోంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"చెయ్యి మర్చిపోలేదురా," అన్నాడు హిల్గర్ చూసి.

"రోడ్డు చూసి నడుపు."

"గంటకి ముప్ఫైలో పోతున్నా. మా అమ్మమ్మ చక్రాల కుర్చీ దాటిపోతుంది."

ఆరెంబెర్గ్ దగ్గర ఆగారు. అంతకు ముందంతా బండిని పరుగెత్తించే దారి. గేటు నుంచి బయల్దేరాక ప్రాణం మీద ఒట్టేసి బ్రేకు నొక్కవలసిన మొదటి చోటు ఇదే. కుడివైపుకు ముడుచుకుపోయే మలుపు. తిరగలేనివాడికి ఎదురుగా కంకర, దాని వెనక ఇనుప కంచె. రాత్రి వాన పడింది. కంకరలో దున్నినట్టు ఒక్క చాలు, నిక్కచ్చిగా నేరుగా.

థెలెన్ ఆ చాలు మొదలు నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. రోడ్డంతా రబ్బరు గీతలే. వేల బండ్లవి, ఒకదాని మీద ఒకటి. ఇరవై అడుగులు. నలభై. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు ఫిర్యాదు చేశాయి.

"ఇదేంటి?"

హిల్గర్ పక్కన వంగాడు. పెన్సిలంత సన్నటి నల్లటి గీత. తిన్నగా లేదు. నీళ్ళలో పాములా అటూ ఇటూ ఊగుతూ పోయి, సరిగ్గా కంకరలోని చాలుతో కలుస్తోంది.

"వెనక చక్రం," అన్నాడు హిల్గర్. "వెనక బ్రేకు తొక్కితే చక్రం బిగిసిపోయి తోక ఊపుకుంటూ పోయింది."

"ఇక్కడ వెనక బ్రేకు ఎవడు తొక్కుతాడు?"

"ఎవడూ తొక్కడు. ముందు బ్రేకు పడనివాడు తొక్కుతాడు." హిల్గర్ లేచి, ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు. అతని ముఖం మారింది. "గెరో, ఒకటి అడగనా? నిజంగా గుర్తులేదా నీకు?"

"ఏంటి?"

"ఏం లేదులే. ముందు బండి చూద్దువు గానీ రా."

పౌలీ బండి హిల్గర్ షెడ్డులో, పోలీసు ముద్ర వేసిన తాడు మధ్య పడుకుని ఉంది. థెలెన్ ముద్ర తీసి, టార్చి పట్టుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. చక్రం అంచుకు వేసిన ఎర్ర రంగు ఒకచోట కాలిన చర్మంలా పొక్కులు లేచింది. బ్రేకు నూనె పడితే రంగు అలాగే ఉబ్బుతుంది. ఒక్క రాత్రి చాలు. పొక్కుల పైన బ్రేకు పెట్టె. దానికి గాలి తీయడానికి ఉండే చిన్న నిపుల్. నిపుల్ మీద ఉండాల్సిన రబ్బరు టోపీ లేదు. హిల్గర్ ఎనిమిదో నంబరు స్పానరు పట్టించి మెల్లగా బిగించాడు.

"సగం తిప్పు," అన్నాడు. "సరిగ్గా సగం తిప్పు వదులుగా ఉంది. మీట నొక్కినప్పుడల్లా కాస్త కాస్త నూనె బయటికి పోతుంది. మొదటి మూడు నాలుగు సార్లు బ్రేకు పడుతుంది, అనుమానం రాదు. గట్టిగా నొక్కే చోటికి వచ్చేసరికి మీట వచ్చి హ్యాండిల్‌కి అతుక్కుంటుంది."

"పడ్డప్పుడు వదులై ఉండొచ్చుగా?"

"దెబ్బకి విరుగుతుంది. బుద్ధిగా సగం తిరగదు." స్పానరు జేబులో వేసుకుని హిల్గర్ షెడ్డు గోడకు చేరగిలబడ్డాడు. "ఆ తోక గీత నేను ఇదివరకొకసారి చూశాను గెరో. ఆ మలుపులోనే. ఎనిమిదేళ్ళవుతోంది. ఉత్తరాది కుర్రాడు. మెన్నో అనేవాడు, నెలకి రెండుసార్లు వచ్చేవాడు. నీకు చూపించాను. నువ్వు ఫొటో కూడా తీశావు. చూడరా, తోక ఊగింది అన్నాను. నువ్వు..."

"నేనేమన్నాను?"

"ఇంటికెళ్దాం పద, అన్నావు."

ఠాణాలో పాత కాగితాల గది నేలమాళిగలో ఉంటుంది. పదీ యాభైకి థెలెన్ ఆ ఫైలు ముందు నిలబడ్డాడు. అట్ట మీద తన రాతే. మెన్నో హార్మ్స్, ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ నెలలో అది మూడో చావు. మొదటిది, తను బండి నడపడం నేర్పినవాడిది. అది ఫైల్లో లేదు, థెలెన్‌లో ఉంది.

ఒక్క పేజీ నివేదిక. కుర్రాడికి నిశ్చితార్థం చెడింది, ఉత్తరం ఒకటి జేబులో దొరికింది. కింద ముగింపు: ‘మృతుడు వేగం తగ్గించే ప్రయత్నమేదీ కనబరచకుండా నేరుగా కంచె వైపు వెళ్ళాడు. ఉద్దేశపూర్వకమని భావించవలసి ఉంది.’ సంతకం, గె. థెలెన్.

ఇస్త్రీ వాసన ఎక్కడిదో తెలిసింది.

పద్నాలుగో నంబరు ఫొటో తీశాడు. కాగితం మూలలు వంపు తిరిగాయి. తడి రోడ్డు, కంకర, అటూ ఇటూ ఊగుతూ పోయిన సన్నటి గీత. ఫొటో అంచున తన బూటు ముక్క. అంటే అక్కడ నిలబడ్డాడు. గీత మీదకి వంగి కెమెరా నొక్కాడు. ఆ గీత అర్థమేమిటో ఆ రోజుల్లో అతనికి తెలియకపోలేదు. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కన పెట్టడానికి మనసు ఎంత తక్కువ శ్రమ పడుతుందో! కుర్రాడు కావాలని పోయాడంటే ఆ దారి తప్పు కాదు, బండి తప్పు కాదు, దాని మీద ఇరవయ్యేళ్ళు తిరిగినవాళ్ళ తప్పు కాదు. చావాలనుకున్నవాడే చస్తాడన్నమాట. ఆ ఆలోచన ఎంత మెత్తటి పరుపు. దాని మీదే తను ఎనిమిదేళ్ళు పడుకున్నాడు, పడుకుని కూడా అలసిపోయాడు.

నివేదిక వెనక రెండు ఉత్తరాలు కుట్టి ఉన్నాయి, మూడేళ్ళ కిందటివి. తమ్ముడి బండి ముందు బ్రేకులో నిపుల్ వదులుగా ఉందని, మళ్ళీ విచారించమని. వాటికి జవాబు నకలు: ‘ఫైలు ముగిసినది.’ కింద థెలెన్ సంతకమే. ఆ ఉత్తరాలు చదివిన జ్ఞాపకం అతనికి లేదు. రాసినవాడి పేరు టోర్బెన్ హాసెల్‌బ్రింగ్, పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు హార్మ్స్. పెళ్ళితో భార్య ఇంటిపేరు తీసుకున్నాడు.

పదకొండూ ఇరవైకి థెలెన్ ఆ పాత ఫైలుతో గదిలోకి వచ్చి తలుపు వేశాడు. బ్రాండెస్ గడియారం చూసుకున్నాడు. హాసెల్‌బ్రింగ్ గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"మెన్నో మీకేమవుతాడు?"

బ్రాండెస్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి.

"మా అమ్మకి చిన్న కొడుకు," అన్నాడు హాసెల్‌బ్రింగ్. "మొదటిసారి రింగ్‌కి తెచ్చింది నేనే. పదేళ్ళు తిరిగాం ఇద్దరం."

"ఎవరీ మెన్నో?" అన్నాడు బ్రాండెస్.

థెలెన్ అతనివైపు చూడలేదు. "ఆ వాక్యం మీరు కంఠస్థం చేశారు."

"నేను చెయ్యలేదు. అదే వచ్చేసింది. మా అమ్మ దాన్ని వంటగదిలో చదువుతూ ఉండేది, పైకి. కనబరచకుండా అంటే ఏంటిరా అని అడిగేది. వాడు నా కూర తిని వెళ్ళాడే, కావాలని ఎలా పోతాడు అనేది. తర్వాత అడగడం మానేసింది. నమ్మింది. నమ్మాక రెండేళ్ళు బతికింది." అతని గొంతులో కోపం లేదు. థెలెన్‌కు తన అలసటే ఎదుటి కుర్చీలో కూర్చున్నట్టనిపించింది. "వాడి బండి టార్పాలిన్ కింద అయిదేళ్ళుంది. విప్పడానికి ధైర్యం చాలలేదు. విప్పాక చూస్తే, నిపుల్ సగం తిప్పు వదులు. చావడానికి రెండు రోజుల ముందు పౌలీ గరాజులో బ్రేకు నూనె మార్పించాడు. బిల్లు వాడి డబ్బాలోనే ఉంది. బిగించడం మర్చిపోయాడు, అంతే. ఎవరైనా మర్చిపోతారు."

"పౌలీని అడిగారా?"

"పోయినేడు వెళ్ళాను. ఫలానా అని చెప్పాను. కాఫీ పోశాడు, భుజం మీద చెయ్యేశాడు. పాపం, కావాలనే వెళ్ళాడట కదా తమ్ముడు, అన్నాడు. మీ కాగితాన్ని ఆయనా నమ్మాడు సార్. నమ్మబట్టి హాయిగా ఉన్నాడు."

"నిపుల్ సంగతి చెప్పొచ్చు కదా అతనికి."

"చెప్తే ఏడ్చేవాడు." హాసెల్‌బ్రింగ్ మొదటిసారి చేతులు బల్ల మీదకి తెచ్చాడు. "ఏడిస్తే క్షమించాల్సి వచ్చేది."

జాకెట్టు లోపలి జేబులోంచి చిన్న స్పానరు తీసి గ్లాసు పక్కన పెట్టాడు. ఎనిమిదో నంబరు.

"వెనక ఎందుకు వెళ్ళారు?"

"ఇంకెవరూ వెనక ఉండి పడకుండా. ఆ తర్వాత, ఎవరో ఒకరు ఆ వాక్యం చెప్పాలి కదా. మీరు రాసుకోవడానికి." అతను థెలెన్ కళ్ళలోకి చూశాడు. "రాసేస్తారనే అనుకున్నాను. పొద్దున మీ ముఖం చూసినప్పుడు కూడా."

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి అతన్ని తీసుకెళ్ళారు. వాళ్ళ వెనకే థెలెన్ నడవాలోకి వచ్చాడు. ఫ్రాంకా లేచి నిలబడింది.

"వేశాడమ్మా," అన్నాడు. "ముందు బ్రేకు పనిచెయ్యలేదు. వెనకది కూడా తొక్కాడు. నలభై అడుగుల దూరం తొక్కుతూనే ఉన్నాడు. రోడ్డు మీద గీత ఉంది. కావాలంటే నేనే తీసుకెళ్ళి చూపిస్తాను."

ఆమె ఏడవలేదు. బెంచీ చేతిని పట్టుకుని మెల్లగా కూర్చుంది. "ఎవరో చేశారా?" అంది.

"చేశారు. ఎందుకు చేశారో కూడా తెలిసింది. అది వినడం కష్టం. సాయంత్రం మీ ఇంటికొచ్చి చెప్తాను."

"పొద్దున్నుంచీ అనుకున్నదానికంటే కష్టమా?"

"అది వేరు, ఇది వేరు." నిజం చెప్పడమంటే చాలాసార్లు బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చడమే. ఈ పిల్ల భుజం మీంచి ఒకటి దించి, రెండోది ఎత్తబోతున్నాడు. అందులో మోయవలసిన వాటా ఇంకొకరికీ ఉంది.

తిరిగి గదిలోకి వచ్చేసరికి బ్రాండెస్ పాత ఫైలు తెరిచి, పద్నాలుగో నంబరు ఫొటోను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ల్యాప్‌టాప్ తెర మీది నివేదిక చెరిపేసి ఉంది.

"గీతని నేను కూడా వదిలేశాను నిన్న," అన్నాడు ఎటో చూస్తూ. అతని నోట ఆ మాట రావడం కష్టమైనట్టే ఉంది. "ముందు చక్రం కోసమే వెతికాను."

"మీకు బండి నడపడం రాదు. నాకు వచ్చు."

బ్రాండెస్ ఫొటోను ఫైల్లో పెట్టి, అట్ట మూసి, దాని మీద అరచెయ్యి ఆన్చాడు. గొంతు తగ్గించాడు. "వినండి. అతను ఒప్పుకున్నాడు. స్పానరుంది, నిపుల్ ఉంది, గేటు సమయాలున్నాయి. హత్యకేసు నిలబడుతుంది. తమ్ముడు చనిపోయిన బాధతో మతి తప్పి చేశాడని రాస్తే సరిపోతుంది. ఈ పాత ఫైలు మళ్ళీ కింది గదికి పోవచ్చు. ఎవరూ అడగరు. ఎనభై మూడు రోజులు, థెలెన్ గారూ. పింఛను, పరువు. నేను మీకు మంచి చెయ్యాలనే చూస్తున్నాను, నమ్మండి."

థెలెన్ నమ్మాడు. ఇంతకు ముందెప్పుడూ బ్రాండెస్ మీద లేని స్నేహం ఒకటి కలిగింది కూడా. మెత్తటి పరుపు మళ్ళీ పరిచి ఉంది. పడుకోవడమొక్కటే తరువాయి. మతి తప్పినవాడు అంటే చాలు, మెన్నో హార్మ్స్ ఇంకా కావాలనే పోయినవాడుగా మిగిలిపోతాడు, అతని కోసం అడిగేవాళ్ళు కూడా ఇక ఎవరూ లేరు, ఉన్న ఒక్కడూ జైల్లో ఉంటాడు. కిటికీలోంచి దూరాన ఎక్కడో ఒక ఇంజను మొరాయించి, అందుకుని, గొంతు పెంచింది. సాయంత్రం గేటు తెరుస్తారు. జనం వస్తారు.

అతనికి కాళ్ళు పీకుతున్నాయి. కూర్చోవాలనిపించింది. తన కుర్చీ దగ్గరే ఉంది, బ్రాండెస్ పక్కన.

థెలెన్ బల్ల చుట్టూ నడిచి అవతలి వైపుకు వెళ్ళాడు. హాసెల్‌బ్రింగ్ కూర్చున్న కుర్చీని ముందుకు లాక్కుని, బ్రాండెస్‌కు ఎదురుగా కూర్చున్నాడు.

"సాక్షి వాంగ్మూలం," అన్నాడు. "పేరు గెరో థెలెన్. రాసుకోండి."